స్మూతెనింగ్ చేయించిన జుట్టుకు రంగు: "ఇవాళ వెయ్యను మేడం" అన్న మా పేట పార్లర్

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక పార్లర్ ఉంది. బోర్డు మీద "లేడీస్ బ్యూటీ పార్లర్" అని తప్ప ఇంకే పేరూ లేదు. మెట్ల పక్కన చిన్న గది, ఒకటే కుర్చీ, ఒక నిలువుటద్దం, మేకుకి వేలాడదీసిన షేడ్ కార్డు. మొన్న జనవరిలో రంగు వేయించుకుందామని మొదటిసారి అక్కడికి వెళ్ళాను. పార్లర్ నడిపే ఆవిడ ఆ రోజు వెయ్యలేదు. వెయ్యనందుకే ఈ రివ్యూ రాస్తున్నాను.

నా వయసు 46. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పుట్టుకతోనే ఉంగరాల జుట్టు, దానికి తోడు ముప్ఫై అయిదు దాటగానే పాపిట పొడుగునా తెల్ల వెంట్రుకలు మొదలయ్యాయి. పొద్దున్నే ఎనిమిదింటికి బస్సు పట్టుకోవాలంటే చిక్కు తీసుకోవడమే అరగంట పని. అందుకే స్మూతెనింగ్, అంటే క్రీమ్ పెట్టి, ఇస్త్రీ చేసి ఉంగరాల జుట్టుని తిన్నగా చెయ్యడం. తెల్లబడింది కనబడకూడదని రంగు. ఈ రెండూ ఒకే తల మీద పెట్టుకునేవాళ్ళు మా స్టాఫ్‌రూమ్‌లోనే నలుగురున్నాం. రెంటికీ మధ్య ఎంత ఎడం ఉండాలో మాలో ఎవ్వరికీ సరిగ్గా తెలియదు.

నాకు తెలియకపోవడం వల్ల ఏం జరిగిందో ముందు చెబుతాను. రెండేళ్ళ క్రితం ఊళ్ళోనే ఒక పెద్ద సెలూన్‌లో స్మూతెనింగ్, గ్లోబల్ కలర్ (తలంతా రంగు) రెండూ కలిపి ప్యాకేజీ అన్నారు. పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేచాను. ఆ రోజు అద్దంలో జుట్టు పట్టు దారంలా మెరిసింది. మూడోసారి తలంటుకున్నాక దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు వచ్చింది. రాలిపోతోందనుకుని ఐరన్ మాత్రలు వేసుకున్నాను. నెల తర్వాత గానీ నాకు తట్టలేదు, ఆ వచ్చిన వెంట్రుకలన్నీ రెండు మూడు అంగుళాల ముక్కలని. కుదురుతో సహా ఊడిన వెంట్రుకకి ఒక కొసన తెల్లని చిన్న గడ్డ ఉంటుంది. నా వెంట్రుకల్లో ఏ ఒక్కదానికీ అది లేదు. అవి ఊడినవి కావు, మధ్యలో తెగినవి. చివరికి మెడ దాకా కత్తిరించుకోవలసి వచ్చింది. చిన్నప్పటి నుంచీ నాకు జడ వేసింది మా అమ్మే. ఆ రోజు నా వెనక్కి వచ్చి నిలబడి, చేత్తో ఒకసారి తడిమి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి పెంచుకున్న జుట్టుకి మళ్ళీ సంక్రాంతి సెలవుల్లో, ఇంకో చోట, స్మూతెనింగ్ ఒక్కటే చేయించాను. మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. పాపిట తెల్లగా ఉంది. సరిగ్గా అయిదు రోజులకి ఈ పార్లర్‌కి వెళ్ళాను.

కూర్చోగానే ఆవిడ మెడకి గుడ్డ కట్టలేదు. ముందు ప్రశ్నలు మొదలుపెట్టింది.

"స్మూతెనింగ్ ఎప్పుడైంది మేడం?"

"అయిదు రోజులు."

"ఏ క్రీమ్ పెట్టారో తెలుసా?"

అదృష్టం కొద్దీ డబ్బా ఫోటో నా ఫోన్లో ఉంది. దాన్ని పెద్దది చేసి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివింది. "థయో క్రీమే, సరే" అంది. అంటే అమ్మోనియం థయోగ్లైకోలేట్ ఉన్న క్రీమ్. తర్వాత, "అంతకు ముందు తలకి ఏం పెట్టేవాళ్ళు?"

"హెన్నా."

"ఆకు రుబ్బిందా, ప్యాకెట్టా?"

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఏ పార్లర్‌లోనూ ఎవరూ అడగలేదు. ప్యాకెట్టే, నెలకోసారి, ఏడాదిగా వాడుతున్నాను. తలకి పెట్టిన అరగంటలో నల్లగా అయ్యే రకం. ఆ ప్యాకెట్ తీసుకొచ్చి చూపించమంది. మర్నాడు తీసుకెళితే, పదార్థాల జాబితాలో పారా ఫెనిలీన్ డయామిన్ అని ఉన్న చోట గోరు పెట్టి చూపించింది. "ఇది డై మేడం. గోరింటాకు పేరు చెప్పి అమ్ముతారు." నిజమే. గోరింటాకు తనంతట తను ఎర్రగా పండుతుంది గానీ నల్లగా పండదు. నల్లగా అవుతోందంటే అందులో ఇంకేదో ఉన్నట్టు. కొన్ని పొడుల్లో లోహ లవణాలు కూడా కలుపుతారట. వాటి మీద రంగులో కలిపే పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కడం, రంగు ఇంకోలా తిరగడం జరుగుతాయి. నా ప్యాకెట్‌లో అవి లేవు. ఉండి ఉంటే ఆ జుట్టంతా పెరిగి కత్తిరించే దాకా తాను రంగు ముట్టుకోనని తేల్చి చెప్పేసింది.

మొదటి రోజు సంగతికి వస్తాను. ప్రశ్నలయ్యాక చెవి వెనక నుంచి నాలుగైదు వెంట్రుకలు వేరు చేసి, స్ప్రే సీసాతో తడిపి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగింది. ఆరోగ్యంగా ఉన్న తడి వెంట్రుక కాస్త సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. నాది సాగింది. వదిలాక అలాగే వేలాడింది. ఇంకొంచెం లాగితే చప్పుడు లేకుండా తెగిపోయింది. ఆ తెగిన ముక్కని నా అరచేతిలో పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సాగిన చోట వెంట్రుక సన్నబడి, కొస మెలిక తిరిగి, ఉడికిన సేమియా పోగులా ఉంది.

"ఇవాళ వెయ్యను మేడం. రెండు వారాలు ఆగాలి. మీ జుట్టు చూస్తే మూడు వారాలు ఆగితే మంచిది" అంది.

పెళ్ళి ఉందని చెప్పాను. తేదీ అడిగి, క్యాలెండర్‌లో వేలు పెట్టి లెక్కపెట్టి, "పెళ్ళికి వారం ముందు రండి, సరిపోతుంది. ఇవాళ వేస్తే పెళ్ళినాటికి రంగు ఉంటుంది, జుట్టు ఉండదు" అంది. నా దగ్గర డబ్బు తీసుకోలేదు. చివర్లు అర అంగుళం కత్తిరించి, దానికి మాత్రం నూట యాభై తీసుకుంది.

నేను పిల్లలకి పీహెచ్ స్కేలు పాఠం చెప్పేదాన్ని. ఆవిడ చెప్పిందంతా ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూసుకున్నాను. వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రోటీన్. దాని పోగుల్ని పక్కపక్కన పట్టి ఉంచేవి గంధకం పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధాలు. జుట్టు ఉంగరాలు తిరగాలన్నా, వెంట్రుక గట్టిగా ఉండాలన్నా వీటి పాత్ర చాలా పెద్దది. స్మూతెనింగ్ క్రీమ్‌లో ఉండే అమ్మోనియం థయోగ్లైకోలేట్ క్షారస్వభావంలో, పీహెచ్ తొమ్మిది చుట్టుపక్కల, ఆ బంధాల్ని తెంపుతుంది. ఇస్త్రీ చేసి తిన్నగా సాగదీశాక న్యూట్రలైజర్ పూస్తారు. అది హైడ్రోజన్ పెరాక్సైడే. తెగిన బంధాల్ని కొత్త ఆకారంలో మళ్ళీ కలుపుతుంది. అన్నీ కలవవు. కలవనివి కలవనట్టే ఉండిపోతాయి.

ఇప్పుడు పర్మనెంట్ రంగు సంగతి. దానికీ ముందు క్షారమే కావాలి, వెంట్రుక పైపొర పొలుసుల్ని తెరవడానికి. దానికీ హైడ్రోజన్ పెరాక్సైడే కావాలి, సహజ రంగుని కాస్త కరిగించి, డై అణువుల్ని లోపల పెద్దవిగా అల్లడానికి. అంటే నేను రెండేళ్ళ క్రితం ఎనిమిది గంటల వ్యవధిలో ఒకే వెంట్రుకని రెండుసార్లు క్షారంలో ముంచి, రెండుసార్లు పెరాక్సైడ్‌లో ముంచాను. పైగా మధ్యలో కాలే ఇస్త్రీ. ఎందుకు తెగిందో ఇప్పుడు పాఠంలా అర్థమైంది.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి ఇదంతా ఫోన్లో చెబితే ఒక మంచి విషయం గుర్తు చేసింది. అక్కడ జుట్టు తిన్నగా చెయ్యడానికి పెట్టే "రిలాక్సర్" అంటే చాలావరకు సోడియం హైడ్రాక్సైడ్ లాంటి హైడ్రాక్సైడ్ రకాలు, బాగా గట్టి ఉంగరాల జుట్టు ఉన్న నల్లజాతి స్త్రీలు ఎక్కువగా వాడేవి. వాటి పీహెచ్ పన్నెండు దాటుతుంది. అవి తెంపిన బంధాలు తిరిగి డైసల్ఫైడ్ బంధాలుగా కలవవు. అలాంటి జుట్టు మీద మన థయో క్రీమ్ పెట్టినా, థయో పెట్టిన జుట్టు మీద అది పెట్టినా తెగిపోతుంది. అమెరికాలో చేయించుకుని సెలవులకి ఇక్కడికొచ్చి పార్లర్‌కి వెళ్ళేవాళ్ళు "స్ట్రెయిటెనింగ్ చేయించాను" అని ఊరుకోకుండా ఏ రకమో కూడా చెప్పాలి.

ఆ మూడు వారాల్లో ఆవిడ నాకు రెండు పనులు పెట్టింది. ఒకటి, చిక్కు తీసేటప్పుడు దువ్వెనకి వచ్చిన జుట్టు పారెయ్యకుండా ఒక కవర్లో దాచమంది. మా చిన్నప్పుడు ఇంట్లో ఆడవాళ్ళందరూ చిక్కు జుట్టు చుట్ట చుట్టి చూరులో దోపేవాళ్ళు. వీధిలోకొచ్చే మనిషికి అది ఇచ్చి స్టీలు గిన్నె తీసుకునేవాళ్ళు. అన్నేళ్ళ తర్వాత మళ్ళీ నేను జుట్టు దాచాను. రెండోది, వారానికి రెండుసార్లు కండిషనర్ పట్టించి పది నిమిషాలు ఉంచుకోవడం, తలంటుకునే ముందు రాత్రి కొబ్బరి నూనె. వేడి ఇస్త్రీ అస్సలు వద్దంది.

రంగు వేసే రోజుకి రెండు రోజుల ముందు ఒకసారి రమ్మంది. దాచిన జుట్టుని దారంతో చిన్న కుచ్చులా కట్టి, గిన్నెలో నాకు వెయ్యబోయే రంగే కలిపి, అందులో పెట్టింది. పది నిమిషాలకి ఒకసారి, ఇరవై నిమిషాలకి ఒకసారి తీసి టిష్యూతో తుడిచి చూసింది. పది నిమిషాలకే కొసలు అనుకున్నదాని కంటే ఒక మెట్టు ముదిరిపోయాయి. స్మూతెనింగ్ చేసిన జుట్టు స్పాంజిలా అయిపోతుందట. రంగుని గబగబా పీల్చుకుంటుంది, అంతే తొందరగా వదిలేస్తుంది. అందుకే కుదుళ్ళకి నాలుగో నంబరు బ్రౌన్, పొడుగుకి ఒక మెట్టు లేతగా ఉండే అయిదో నంబరు అని అప్పటికప్పుడు మార్చింది. కడిగి ఆరబెట్టిన కుచ్చుని మళ్ళీ తడిపి లాగి చూసింది. ఈసారి సాగి, వెనక్కి వచ్చింది.

అదే రోజు చెవి వెనక ఒక చుక్క రంగు పెట్టి, 48 గంటలు చూసుకోమంది. దురద గానీ వాపు గానీ వస్తే కడిగేసి ఫోన్ చెయ్యమంది. ఏడాదిగా డై పెడుతున్నదాన్ని కదా, నాకెందుకు అన్నాను. "ఇన్నాళ్ళూ పడింది కాబట్టి ఇక ముందూ పడుతుందని ఏం లేదు మేడం" అంది. అది అక్షరాలా నిజం. డై వల్ల వచ్చే అలర్జీ ఎన్నేళ్ళు వాడాకయినా, ఒక రోజు ఉన్నట్టుండి మొదలవ్వచ్చు. మా స్కూల్లోనే ఒకావిడకి కళ్ళు మూసుకుపోయేంతగా ముఖం వాచి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. రంగు ప్యాకెట్ మీద ఈ పరీక్ష సంగతి రాసే ఉంటుంది. చదవం, అంతే.

ఇక అసలు రోజు. ఆదివారం ఆవిడ తియ్యదు కాబట్టి నేను శనివారం సగం రోజు సెలవు పెట్టాను. ఇక్కడ ఆవిడ చేసిన పద్ధతి కాస్త వివరంగా చెప్పాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

స్మూతెనింగ్ క్రీమ్‌ని మాడుకి తగలకుండా, కుదుళ్ళ దగ్గర దాదాపు ఒక సెంటీమీటరు వదిలి పూస్తారు. ఆ తర్వాత మూడు వారాల్లో జుట్టు ఇంకో సెంటీమీటరు దాకా పెరుగుతుంది. అంటే పాపిట దగ్గర కనిపిస్తున్న ఆ రెండు సెంటీమీటర్ల తెల్ల జుట్టుకి స్మూతెనింగ్ మందు తగల్లేదు. అది గట్టి జుట్టు. పెరాక్సైడ్ ఎక్కువ అవసరమైంది ఆ ముక్కకే. మిగిలిన పద్దెనిమిది అంగుళాలకీ అంత అక్కర్లేదు. ఈ చిన్న లెక్క నేను ఏ సెలూన్‌లోనూ వినలేదు.

నుదుటి అంచుకి, చెవులకి వాసెలిన్ రాసింది. కుదుళ్ళు వదిలి కింద జుట్టంతటికీ కండిషనర్ పూసి, రంగు జారినా లోపలికి పోకుండా చేసింది. తర్వాత దువ్వెన తోకతో గోరు వెడల్పు పాయలు తీస్తూ, బ్రష్‌తో కుదుళ్ళకి మాత్రమే రంగు పెట్టింది. అమ్మోనియా లేని రంగు, 20 వాల్యూమ్ డెవలపర్. అంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. సీసా నాకు చూపించే గిన్నెలో పోసింది. 30 గానీ 40 గానీ తన దగ్గర పెట్టుకోదట. "స్మూతెనింగ్ తలలకి వాటితో పని లేదు. బ్లీచ్ అడిగేవాళ్ళని పంపించేస్తాను" అంది. అమ్మోనియా లేదంటే ఏ హానీ లేదని అర్థం కాదని కూడా ఆవిడే చెప్పింది. అమ్మోనియా బదులు వేరే క్షారం ఉంటుంది, వాసన తక్కువ, అంతే. డై అణువులూ పెరాక్సైడూ అవే.

ముప్ఫై అయిదు నిమిషాలు పెట్టింది. ఇరవై అయిదో నిమిషంలో కింద జుట్టు కండిషనర్ కడిగి, తువ్వాలుతో అద్ది, రెండో గిన్నెలో రంగు కలిపింది. ఇది అయిదో నంబరు, 10 వాల్యూమ్ డెవలపర్, అంటే 3 శాతం. దాన్ని బ్రష్‌తో కాకుండా చేతులతో, పైనుంచి కిందికి నిమురుతూ పట్టించింది. గడియారం చూసుకుంటూ ఏడు నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో నా తల సింకులో ఉంది.

గోరువెచ్చని నీళ్ళతో కడిగింది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళని తెలిసి, చివరి మగ్గు మాత్రం ఇంట్లో కూడా కృష్ణా నీళ్ళతోనో ఫిల్టర్ నీళ్ళతోనో పోసుకోమంది. ఉప్పు నీళ్ళకి ఇలాంటి జుట్టు ఇంకా గరగరలాడుతుంది. మూడు రోజులు తలంటుకోవద్దు, ఆ తర్వాత సల్ఫేట్ లేని షాంపూ అని రాసిచ్చింది.

ఫలితం చెబుతాను. పాపిట దగ్గర తెల్లదనం పోయింది. కుదుళ్ళకీ కొసలకీ రంగు తేడా ఎండలో నిలబడి వెతికితే గానీ తెలియలేదు. కణతల దగ్గర మాత్రం పూర్తిగా పట్టలేదు. అక్కడ వెంట్రుకలు బిరుసుగా ఉంటాయి, ఇంకో అయిదు నిమిషాలు ఉంచాల్సింది. ఆరో వారానికి పొడుగు జుట్టులో రంగు వెలిసి రాగి ఛాయ వచ్చింది. ఇది జరుగుతుందని ఆవిడ ముందే చెప్పింది కాబట్టి టెన్షన్ పడలేదు. తెగడం మాత్రం లేదు. రంగు వేసిన నెల దాకా దువ్వెనకి వచ్చిన ప్రతి వెంట్రుకనీ తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. దాదాపు అన్నిటికీ కొసన ఆ చిన్న తెల్ల గడ్డ ఉంది. అది చూసినప్పుడు నాకు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు.

ఖర్చు: కుదుళ్ళ రంగు, పొడుగు రంగు కలిపి 1,400. కుచ్చు పరీక్షకి, చెవి వెనక పరీక్షకి ఏమీ తీసుకోలేదు. పక్క వీధిలో ఇంతకంటే మూడొందలు తక్కువకి చేస్తారు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. గదిలో ఏసీ లేదు. ఫిబ్రవరిలో పర్లేదు గానీ మే నెలలో అరగంట తల మీద రంగుతో అక్కడ కూర్చోవడం కష్టం. తల కడగడానికి వెనక్కి వాలే కుర్చీ లేదు. సింకు ముందు వంగి నిలబడాలి. మెడనొప్పి ఉన్నవాళ్ళు ముందే చెబితే ఆవిడ స్టూలు వేస్తుంది. ఒక్కతే చేస్తుంది కాబట్టి ఫోన్ చెయ్యకుండా వెళితే గంటకి పైగా ఆగాలి. అందరినీ ఒకేలా అడగడం వల్ల కొందరికి విసుగు వస్తుందట. నేనున్నప్పుడే ఒకమ్మాయి, జుట్టు నునుపు చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించి వారమే అయింది, బర్గండీ హైలైట్స్ కావాలంది. ఆగమంటే కోపంగా లేచి వెళ్ళిపోయింది. ఆవిడ చిన్నబుచ్చుకుంది. అయినా వెనక్కి పిలవలేదు.

వెళ్ళేవాళ్ళు స్మూతెనింగ్ చేయించిన తేదీ, క్రీమ్ డబ్బా ఫోటో, ఇంతకు ముందు తలకి పెట్టిన ప్యాకెట్, కవర్లో చిక్కు జుట్టు తీసుకెళ్ళండి. ఇవి లేకపోతే ఆవిడ మళ్ళీ రమ్మంటుంది.

ఏప్రిల్ మొదట్లో రెండోసారి వెళ్ళాను. పరీక్షలైపోయాయి, పేపర్లు దిద్దడానికి వెళ్ళాలి, పాపిట మళ్ళీ తెల్లబడింది. ఈసారి మొత్తానికి వేసెయ్యమ్మా, రాగి రంగు పోతుంది అన్నాను. ఆవిడ నాలుగు వెంట్రుకలు తడిపి లాగి చూసి, కొసలు వేళ్ళ మధ్య రాపాడించి, "పొడుగుకి ఇప్పుడు వద్దు మేడం, కుదుళ్ళకే వేస్తాను" అంది. ఆరొందలు తీసుకుని, కణతల దగ్గర మాత్రం అయిదు నిమిషాలు ఎక్కువ ఉంచింది.